రాకెట్ గొడుగుతో పంజాగుట్ట దాకా

సోమవారం సాయంత్రం ఆరున్నరకు గూడూరు స్టేషన్లో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. బట్టల సంచి కాక నా దగ్గర ఇంకో రెండు సామాన్లున్నాయి. ఒకటి పాలక్యాను అంత అల్యూమినియం డబ్బా. రెండోది నారింజ, తెలుపు చారల నైలాన్ పారాచూట్ కుక్కిన గుడ్డసంచి. ఆ పారాచూట్ ఆ డబ్బాలో పట్టాలి. పట్టడం లేదు. నా ప్రయాణానికి కారణం ఇంతే.

మా సముద్రపు ఒడ్డున ఉన్న రాకెట్ కేంద్రంలో నేను పాతికేళ్ళుగా టెక్నీషియన్‌ని. రాకెట్ అనగానే అందరూ ఉపగ్రహాల గురించే అడుగుతారు. మా విభాగం చేసేవి అవి కావు, సౌండింగ్ రాకెట్లు. విమానాలు పోయే ఎత్తు దాటి, ఇంకా చాలా పైకి పోయి, అక్కడి గాలిని కాసేపు పరీక్షించి, తిరిగి వచ్చి సముద్రంలో పడిపోతాయి. దేశం సొంతంగా చేసుకున్న రాకెట్టు ఇది. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ వస్తున్నాం. ఈసారి కొత్త రకంలో చేసిన మార్పు ఒక్కటే: పైకి పోయిన పరికరాల పెట్టె మునిగిపోకుండా పారాచూట్ మీద దిగాలి, పడవ పంపి దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

ఆ పెట్టె సుభద్రగారిది. మా సైంటిస్టు. నాలుగేళ్ళు కూర్చుని పరికరం తయారుచేశారు. అంతకు ముందు చేసిన రెండూ బంగాళాఖాతం అడుగున ఉన్నాయి. ప్రయోగం శుక్రవారం. గురువారం పొద్దున పది గంటలకల్లా పారాచూట్ డబ్బాలో ఉండి మూత పడాలి, లేకపోతే పెట్టె పారాచూట్ లేకుండానే పోతుంది. నేను బయల్దేరుతుంటే ఆవిడ గేటు దాకా వచ్చారు. “మూర్తిగారూ, మూడోది కూడా సముద్రానికే ఇచ్చేయమంటారా?” అన్నారు నవ్వుతూనే. ఆ నవ్వు గూడూరు దాకా నన్ను వదల్లేదు.

పారాచూట్ కుట్టింది పంజాగుట్టలో నర్సయ్య అనే దర్జీ. మా దగ్గర ఈ పని చేసే ముసలాయన రిటైరయ్యాక, నైలాన్ మీద కుట్టు జారనివ్వని మనిషి ఆయనొక్కడే అని మాకు గుడ్డ పంపే వ్యాపారి చెప్పాడు. డ్రాయింగు గీసి పంపింది నేనే. కొలతలన్నీ సరిగ్గానే వచ్చాయి, కానీ మడిచి పెడితే బొద్దుగా తయారై డబ్బాలోంచి జానెడు బయటికి తన్నుకొస్తోంది. ఐదుసార్లు మడిచాను, మోకాలు వేసి కూడా తొక్కాను.

రైల్లో ఎదుటి బెర్తు ఆయన కావలిలో ఎరువుల వ్యాపారి. డబ్బా వంక చాలాసేపు చూసి, “పాలా, నెయ్యా?” అని అడిగాడు. రాకెట్టుది అని చెప్పి, అది పైకి పోయి మళ్ళీ ఎలా కిందికి వస్తుందో వివరించాను.

“మళ్ళీ కిందికే వచ్చేదానికి పైకి పంపడం దేనికండీ?” అన్నాడు.

“మీరు తిరుపతి కొండెక్కి మళ్ళీ దిగరూ?” అన్నాను. ఆయనకు అది నచ్చినట్టుంది, పులిహోర పొట్లం విప్పి సగం నాకు పెట్టాడు. ఎనిమిదిన్నరకు తిని పడుకుని, నర్సయ్యను ఏమనాలో నాలుగు గట్టి మాటలు సిద్ధం చేసుకుంటూ నిద్రపోయాను.

మంగళవారం ఆరుకు పది నిమిషాల ముందు సికింద్రాబాదులో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ వేడిగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్ళ మీద ఆధారపడి బతుకుతోంది. ఎదురుగానే 49ఎం బస్సు దొరుకుతుంది. బేగంపేట మీదుగా తిన్నగా పంజాగుట్టకు తీసుకెళ్తుంది. డబ్బాలూ సంచులూ ఉన్నవాళ్ళు ఏడు లోపే ఎక్కడం మంచిది, ఆ తర్వాత కాలు పెట్టడానికి చోటుండదు. బేగంపేట దగ్గర ఒక విమానం బస్సు నెత్తి మీదుగా దిగింది. బస్సులో నేను తప్ప ఎవరూ తల ఎత్తలేదు.

దర్జీ దుకాణం తొమ్మిదికి గాని తెరవరు కాబట్టి ముందు అమీర్‌పేట వైపు నడిచి బస చూసుకున్నాను. లాడ్జీలన్నీ నిండి ఉన్నాయి. దేశంలో ఉన్న ఇంజినీర్లంతా ఒక్క వీధిలోకి వచ్చి పడ్డట్టుంది. మేడకు నాలుగు బోర్డులు, బోర్డుకు నాలుగు కోర్సులు, పేర్లు చదివితే ఒక్కటీ అర్థం కాదు. మైత్రీవనం దగ్గర ఒకతను నా చేతిలో కరపత్రం పెట్టి, “జావా డెమో క్లాసు ఫ్రీ సార్, పది గంటలకు” అన్నాడు. నాకు యాభై రెండేళ్ళని చెప్పాను. నా బట్టతల వంక చూసి, “ఐతే మెయిన్‌ఫ్రేమ్ తీస్కోండ్రి సార్, పాతకాలం కంప్యూటర్ల కోర్సు” అని ఇంకో కరపత్రం ఇచ్చాడు.

చివరికి ఎస్.ఆర్. నగర్లో ఒక హాస్టల్లో రోజు అద్దెకు మంచం దొరికింది. గదిలో నాలుగు మంచాలు, నీళ్ళు పొద్దున ఎనిమిది దాకా, భోజనం వాళ్ళదే. ఒంటరిగా వచ్చేవాళ్ళకు లాడ్జీకన్నా ఇదే నయం. పక్క మంచం అతని పేరు శేఖర్, సిరిసిల్ల నుంచి వచ్చి ఆర్నెల్లుగా కోర్సులు నేర్చుకుంటున్నాడు. నా పని విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

“నర్సయ్యన్న దగ్గరికేనా? నా ప్యాంటు సుత ఆడనే ఉన్నది సార్. రేపు తొమ్మిదింటికి ఇంటర్వ్యూ. కలిసి పోదాం పాండ్రి.”

తొమ్మిదింటికి భావనాఋషి టైలర్స్ ముందు ఉన్నాం. రెండు మిషన్లు పట్టే దుకాణం. ఒకదాని దగ్గర నర్సయ్య, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. రెండోదాని దగ్గర ఆయన అక్క రాజక్క, బల్కంపేట ఎల్లమ్మను చూసి వచ్చిందట, నుదుట ఇంకా పసుపు తడి ఆరలేదు. బల్ల మీద లేబుళ్ళ డబ్బా. కుట్టిన ప్రతిదానికీ, చివరికి చేతిసంచికైనా సరే, ఆ దుకాణం లేబులు పడాల్సిందేనని శేఖర్ చెప్పాడు.

నేను డబ్బా బల్ల మీద పెట్టాను. నర్సయ్య లేచి నిలబడ్డాడు.

“ఏమైంది సార్, బట్ట తక్కువబడ్డదా?”

“ఎక్కువైంది నర్సయ్యగారూ. డబ్బాలో పట్టడం లేదు.”

ఆయన పారాచూట్ తీసి ఒక కుట్టును వేళ్ళతో మడిచి చూపించాడు. అప్పుడు తెలిసింది నాకు. పదహారు పలకల్ని కలిపిన పదహారు కుట్లలోనూ, రెండు పక్కలా అంగుళం చొప్పున బట్ట లోపలికి మడిచి వదిలాడు. ప్యాంటు నడుముకూ, జాకెట్టు చంకలకూ వదులుతారే, రేపు వదులు చేసుకోవడానికి, అలాగ. పారాచూట్ మడిచినప్పుడు పదహారు కుట్లూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చుంటాయి. ఇక డబ్బా ఎలా సరిపోతుంది?

“ఇది ఎవరు వదలమన్నారండీ?”

“ఎవలన్న చెప్తరా సార్ గది? ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. లోపల బట్ట ఇడువకుంట ఒక్కనాడు సుత కుట్టలే. మనిషన్నంక లావైతడు.”

“రాకెట్ లావవదు.”

“ఇయ్యాల కాదు సార్. రేపు ఇంకా పెద్దది చేస్తరు గద. అప్పుడు కుట్లు ఇప్పి వదులు చేస్కుంటరు. మీ మంచికే ఇడిసిన.”

రైల్లో సిద్ధం చేసుకున్న నాలుగు మాటల్లో రెండు అనేశాను. ముప్పై ఏళ్ళు కుట్టినవాడికి ఆమాత్రం తెలియదా అన్నాను. డ్రాయింగు చూడ్డం రానప్పుడు పని ఎందుకు ఒప్పుకున్నారన్నాను. శేఖర్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. నర్సయ్య మాత్రం కోపం తెచ్చుకోలేదు. నా నడుము వంక చూసి, మెల్లగా అడిగాడు.

“సార్, మీరేసుకున్న ప్యాంటు ఎన్నిసార్లు వదులు చేయించిన్రు?”

రెండుసార్లు. ఆ మాట చెప్పక తప్పలేదు. రాజక్క మిషన్ ఆపి మరీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పైగా నా డ్రాయింగులో లోపలి బట్ట వదలొద్దని ఎక్కడా రాయలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. మా విభాగంలో అందరికీ తెలిసిన విషయమని రాయలేదు. పంజాగుట్టలో అందరికీ తెలిసిన విషయం దానికి సరిగ్గా తలకిందులు.

సరే, ఎక్కువ బట్ట కోసేద్దామన్నాను. అక్కడ మొండికేశాడు. “కోస్తే మళ్ళ అతకది సార్. డబ్బానే జర పెద్దది చేయించుండ్రి.” డబ్బా పెద్దది చేస్తే రాకెట్ ముక్కులో పట్టదని బొమ్మ గీసి చూపించాను. కత్తెర చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. మంచి బట్టను కోసి పారేయడానికి ఆయనకు చెయ్యి రావడం లేదు.

అప్పుడు సుభద్రగారి సంగతి చెప్పాను. సముద్రం అడుగున ఉన్న రెండు పెట్టెలు, ఈ మూడోదాని నాలుగేళ్ళ కష్టం, గేటు దగ్గర ఆవిడ నవ్విన నవ్వు. రాజక్క మిషన్ మీద చెయ్యి పెట్టి అంతా వింది.

“మన నాయిన మగ్గం మీద చీరె అయినంక కొయ్యలేదారా తమ్మీ?” అంది. “ఆయమ్మ నాలుగేండ్లు కష్టపడ్డది. నువ్వు అంగుళం బట్టకు ఏడుస్తున్నవ్. కొయ్.”

నర్సయ్య ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు. “ముందుగాల పోరగాండ్ల ప్యాంట్లు. రేపు నలుగురికి ఇంటర్వ్యూ ఉన్నది. అయినంకనే రాకెట్.”

“ఇది దేశం పనండీ,” అన్నాను.

“గీళ్ళకు నౌకరి దొరికేది గూడ దేశం పనే గద సార్.”

సరే, ప్యాంట్లే ముందు కానివ్వమన్నాను. అయితే కోసే ముందు కుట్లు విప్పాలి, దానికి మిషన్ అక్కర్లేదు, బ్లేడు చాలు. పదకొండు గంటలకు శేఖర్ వెళ్ళి ప్యాంట్ల కోసం చూస్తున్న మిగతా ముగ్గురినీ పిలుచుకొచ్చాడు. దుకాణం ముందు అరుగు మీద పాత దుప్పటి పరిచి పారాచూట్ చుట్టూ ఐదుగురం కూర్చున్నాం. నర్సయ్య పలకను కలీ అంటాడు, పారాచూట్‌ను పదహారు కలీల లంగా అంటాడు. చూడ్డానికి అలాగే ఉంది.

వాళ్ళు కుట్లు విప్పుతూనే ఇంటర్వ్యూకు తయారయ్యారు. ఒకడు అడుగుతాడు, “టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్.” ఇంకొకడు బ్లేడు పక్కన పెట్టి, వెన్ను నిటారుగా పెట్టి, తన గురించి ఇంగ్లీషులో అప్పజెప్పి, మళ్ళీ బ్లేడు తీస్తాడు. మధ్యలో నా మీద పడ్డారు.

“అంకుల్, రాకెట్ల ఏ లాంగ్వేజ్ వాడ్తరు?”

“మా దగ్గర మలయాళం, అరవం ఎక్కువ. తెలుగువాళ్ళం వేళ్ళ మీద లెక్కే.”

ఒంటిగంటకు అమీర్‌పేటలో మెస్సులో భోంచేశాం. గోంగూర అడిగితే రెండోసారి కూడా వేస్తారు, పప్పు అడగకుండానే వేస్తారు. రెండు దాటితే కూరలు ఉండవు, వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోండి.

నాలుగింటికి ప్యాంట్లు పూర్తయ్యాయి. నలుగురూ వేసుకుని చూసుకున్నారు. ఇక వాళ్ళకు అక్కడ పని లేదు, అయినా ఒక్కరూ కదల్లేదు. నర్సయ్య కత్తెర తీసుకున్నాడు. మొదటి పలక అంచును సుద్దగీత మీదుగా కోస్తుంటే పెదవులు బిగపట్టుకున్నాడు. రెండోదానికి కొంచెం తేలికైంది. పదో పలకకు వచ్చేసరికి కత్తెర జోరుగా నడిచింది. కోసిన ముక్కల్ని రాజక్క ఒక్కటీ పారేయకుండా మడిచి పొట్లం కట్టి నాకిచ్చింది. గిరాకీ బట్ట గిరాకీకే, అంటే తెచ్చినవాళ్ళకే, చెందాలట. ఆ తర్వాత అక్క, తమ్ముడు చెరొక మిషన్ మీద ఎనిమిదేసి కుట్లు, ఒక్కోటి రెండు వరసలు కుట్టారు.

ఆరున్నరకు నేను మడతపెట్టాను. పదహారు కుట్లూ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. డబ్బాలోకి దింపి మూత నొక్కాను, టక్కున పడింది. మోకాలు అవసరం రాలేదు. నర్సయ్య నమ్మకుండా మూత తీసి మళ్ళీ తనే వేసి చూసుకున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, దుమ్మని చెప్పి తుడుచుకున్నాను.

బరువు ఒకటి మిగిలింది. ఆరువందల ఇరవై గ్రాములు దాటకూడదు. ఈ వీధిలో అంత నిక్కచ్చిగా తూచే త్రాసు ఎవరి దగ్గర ఉంటుంది? రెండు దుకాణాల అవతల నగల కొట్టులో ఉంటుంది. సేటు మర్యాదగా పారాచూట్‌ను పళ్ళెంలో పెట్టి తూచాడు. “సరిగ్గా ఆరువందల ఇరవై. అరవై రెండు తులాలు,” అన్నాడు. పెళ్ళి నగలు కొనడానికి వచ్చిన వాళ్ళు మా వంక చిత్రంగా చూశారు. తిరిగొచ్చాక రాజక్క పారాచూట్‌ను చీర మడిచినట్టు మడిచి సంచిలో పెట్టింది. అందరం ఇరానీ చాయ్ తాగాం, డబ్బులు ఇవ్వబోతే నర్సయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. తొమ్మిదికల్లా హాస్టల్లో పడుకున్నాను.

బుధవారం పొద్దున ఐదింటికి శేఖరే ఆటో పిలిచాడు. కొత్త ప్యాంటు పరుపు కింద పెట్టి ఇస్త్రీ చేసుకున్నాడు. “ఫికర్ చేయకుండ్రి అంకుల్, మంచిగనే పోతది,” అన్నాడు. ధైర్యం చెప్పాల్సింది నేను.

ఆరు గంటల ప్రాంతంలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ కదిలింది. పగటి బండి కాబట్టి పొలాలు చూస్తూ పోవచ్చు. బండి అన్ని స్టేషన్లనూ పలకరిస్తుంది, తొందర ఉన్నవాళ్ళు ఎక్కకండి. నా పక్కన ఒక రిటైరైన టీచరుగారు, నెల్లూరు దాకా వెళ్తున్నారు, క్రోషా అల్లుకుంటున్నారు. వరంగల్ దాటాక సంచిలో ఏముందని అడిగారు. గొప్ప చూపించుకోవాలనిపించి పారాచూట్ కాస్త బయటికి తీశాను.

“కుట్టు ఎంత బాగుందండీ,” అన్నారు. అంతలో అన్ని పలకలూ కలిసే నడినెత్తి దగ్గర వేలు పెట్టి, “దీనికి లేబులు కూడా ఉందే,” అన్నారు.

భావనాఋషి టైలర్స్, పంజాగుట్ట. ఎర్ర శాటిన్ మీద పసుపు అక్షరాలు. తూచి వచ్చాక మడతపెడుతూ రాజక్క కుట్టేసి ఉంటుంది. దుకాణం దాటే ఏ బట్టా లేబులు లేకుండా పోకూడదు కదా. పట్టుకుని చూస్తే గ్రామున్నర, రెండు గ్రాములు ఉంటుంది. సరిగ్గా గీత మీద ఉన్న బరువు గీత దాటింది. మా కేంద్రంలో తూచే ఆయన అర గ్రాముకు కూడా కరగడు. ఒప్పుకోకపోతే రేపు పదింటికి సుభద్రగారితో ఏం చెప్పాలి?

టీచరుగారి దగ్గర చిన్న కత్తెర అడిగి తీసుకున్నాను. లేబులు కుట్టు మీద మొన పెట్టాను. అరుగు మీద బ్లేడ్లు పట్టుకుని కూర్చున్న నలుగురూ, పెదవులు బిగపట్టి బట్ట కోసిన నర్సయ్య గుర్తొచ్చారు. నాకు చెయ్యి రాలేదు.

“పేరు తియ్యకుండా ఇంకేమన్నా తియ్యండి,” అన్నారు టీచరుగారు సంగతంతా విని. “ఈ దారపు కొసలన్నీ ఎందుకు?”

నిజమే. పదహారు కుట్లు, రెండేసి వరసలు, పాత కుట్లు విప్పగా మిగిలిన పోగులు. ఖమ్మం దగ్గర మొదలుపెట్టాం. ఆవిడ కత్తెరతో, నేను గోళ్ళు కత్తిరించుకునేదానితో. బెజవాడలో పెరుగన్నం తిని మళ్ళీ కూర్చున్నాం. ఒంగోలు దాటేసరికి ఎదుటి సీట్లవాళ్ళు కూడా తలా ఒక పలక ఒళ్ళో వేసుకున్నారు. నెల్లూరులో టీచరుగారు దిగుతూ దారపు ముక్కల పొట్లం నా చేతిలో పెట్టి, “రెండు గ్రాములు లేకపోతే నన్నడగండి,” అన్నారు. ఎనిమిదింటికి గూడూరులో దిగాను. ఇదీ నా మూడు రోజుల ప్రయాణం. దీన్నిబట్టి నాకు తెలిసిందేమిటంటే, మన రాకెట్‌లో ఒడ్డున ఉన్న మా కేంద్రం వాటా నేననుకున్నదానికంటే తక్కువ.

గురువారం తొమ్మిదిన్నరకు తూచాం. ఆరువందల పంతొమ్మిదిన్నర. తూచే ఆయన లేబులు చూశాడు, నన్ను చూశాడు, సంతకం పెట్టాడు. శుక్రవారం రాకెట్ లేచింది. మధ్యాహ్నానికి పడవ పెట్టెను తెచ్చింది. సుభద్రగారు నీళ్ళోడుతున్న పెట్టెను ఒళ్ళో పెట్టుకుని జెట్టీ మీదే కూర్చుండిపోయారు, చీర తడిసిపోతున్నా లేవలేదు. పారాచూట్‌లో ఒక్క కుట్టు కూడా విడలేదు. లేబులు ఉప్పుకు తెల్లబడింది గాని అక్షరాలు చదవొచ్చు.

సోమవారం మీటింగులో మా పెద్దాయన అందర్నీ మెచ్చుకుని, వచ్చే ఏడాది నుంచి రాకెట్‌ను కొంచెం లావు చేస్తున్నామని, పెట్టె బరువు పెరుగుతుంది కాబట్టి పారాచూట్ కూడా ఆ మేరకు వెడల్పు చేయాలని చెప్పారు. ఉన్నదాన్నే వదులు చేయగలమా అని నన్నడిగారు. నేను తల వంచుకుని నా ప్యాంటు నడుము వంక చూసుకున్నాను. రాజక్క కట్టిచ్చిన ముక్కల పొట్లం నా సొరుగులో భద్రంగా ఉంది. సాయంత్రం స్టేషన్‌కు వెళ్ళి సికింద్రాబాదుకు టికెట్ తీశాను. ఈసారి సిద్ధం చేసుకోవాల్సిన మాట ఒక్కటే, అదీ క్షమాపణ.